చక్రములోని గాలి: విమానము నేర్పు జాగ్రత్త

ఊరి మీదుగా విమానము పోవుచున్నదన్న, పొలములో కలుపు తీయుచున్న వారు సైతము ఒకసారి నడుమెత్తి ఆకాశము వంక చూతురు. చూచువారి కన్ను రెక్కల మీద నిలుచును గాని, విమానము కడుపులో ముడుచుకొని యున్న చక్రముల మీదికి పోదు. ఎగురు యంత్రమునకు చక్రముతో అంత పని యేమి యని తోచుట సహజమే. కాని నేలను విడుచునప్పుడును, తిరిగి నేలను తాకునప్పుడును ప్రయాణికుల ప్రాణములు ఆ చక్రముల మీదనే ఆధారపడి యున్నవి. ఆ చక్రములను నిలుపునది పైకి కనబడు రబ్బరు మాత్రమే కాదు. లోపల నిండియున్న, కంటికి కనబడని గాలి.

ఆ గాలి విషయమున విమాన మెకానికులు తీసికొను జాగ్రత్తలను ఈ వ్యాసములో వివరింపదలచినాము. పంచాయతీ సభ్యులకు ఇది దూరపు సంగతిగా తోపవచ్చును. కాని నేడు పంచాయతీల చేతిలోను చక్రములున్నవి. తెలంగాణలో 2019వ సంవత్సరమున ఆరంభమైన పల్లె ప్రగతి కార్యక్రమము క్రింద గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, నీటి ట్యాంకరు సమకూరినవి. ఆంధ్రప్రదేశ్‌లోను చెత్త సేకరణకో, వేసవిలో నీటి సరఫరాకో ట్రాక్టరు నడుపు పంచాయతీలు కలవు. మన ట్రాక్టర్లకు, ట్రాలీలకు ఉన్న టైర్లలో అధిక భాగము ట్యూబు టైర్లే. కావున విమానపు చక్రమునుండి మనము నేర్వదగినది చాల యున్నది.

బరువు మోయునది ఎవరు?

గాలి నింపిన రబ్బరు చక్రమునకు 1845లో రాబర్టు విలియం థాంసన్ అను ఆయన పేటెంటు పొందెను గాని, అది వాడుకలోనికి రాలేదు. 1888లో ఐర్లండులోని బెల్‌ఫాస్టు నగరమున జాన్ బాయిడ్ డన్‌లప్ అను పశువైద్యుడు తన కుమారుని మూడు చక్రముల సైకిలుకు అట్టి చక్రమును అమర్చి, మరల దానిని లోకమునకు పరిచయము చేసెను. సైకిలు మొదలు విమానము వరకు నేటి రబ్బరు చక్రములన్నియు ఆ వంశమునకు చెందినవే.

టైరు ఒక సంచి వంటిది. ఖాళీ గోనె నిలువబడదు; ధాన్యము నింపిన నిలువబడును. అట్లే బరువును మోయునది టైరులోని గాలి. ఆ గాలి చెదరి పోకుండ పట్టియుంచునది టైరు. గాలి తగ్గినచో ఆ బరువు టైరు ప్రక్కగోడల మీద పడును. చక్రము తిరిగినపుడెల్ల ఆ గోడలు వంగుచు, లేచుచు నుండును. ఒక ఇనుప తీగను చేతబట్టి అటునిటు పదిసార్లు వంచిచూడుడు, వంచినచోట వేడెక్కును. టైరులోను అదే జరుగును. ఆ వేడికి లోపలి దారపు పొరలు విడిపోయి, టైరు ఒక్కసారిగా పగులును.

విమాన చక్రము మోయు బరువు సామాన్యమైనది కాదు. బోయింగు 747 విమానము నిండు బరువుతో సుమారు 400 టన్నులు తూగును. దానికి 18 చక్రములు. అనగా సగటున ఒక్కొక్క చక్రముపై 20 టన్నులకు పైబడిన భారము. ఇంత భారమును మోయుటకు అట్టి చక్రములలో చదరపు అంగుళమునకు సుమారు 200 పౌనుల ఒత్తిడితో వాయువును నింపెదరు. మన కార్లలో నింపునది 30 మొదలు 35 పౌనులు మాత్రమే. ఆకాశమున పదికిలోమీటర్ల ఎత్తున బయటి వాతావరణము సున్నకు 50 డిగ్రీలు దిగువనుండును. అంతటి చలినుండి దిగివచ్చి, కదలక యున్న ఆ చక్రము రన్‌వేను తాకిన క్షణముననే గంటకు 200 కిలోమీటర్లకు పైబడిన వేగము నందుకొనవలెను. ఆ క్షణమున లేచు పొగను విమానాశ్రయమునకు వెళ్లినవారు చూచియే యుందురు.

ట్యూబు గల చక్రము

నేటి పెద్ద ప్రయాణికుల విమానములకు ట్యూబులు లేవు. టైరే రిమ్మునకు గట్టిగా అంటుకొని వాయువును బంధించును. కాని పైలట్లకు శిక్షణ నిచ్చు సెస్నా 172 వంటి చిన్న విమానములలో నేటికిని ట్యూబులు వాడుకలో నున్నవి. వానిలో ఒత్తిడి రకమును బట్టి సుమారు 30 మొదలు 45 పౌనుల వరకుండును. మన ట్రాలీ చక్రములకు దగ్గర చుట్టములు ఇవియే. కావున వీని పరీక్ష విధానమును కొంత వివరముగా చెప్పెదము.

మొదటి నియమము: క్రొత్త టైరునకు క్రొత్త ట్యూబే వేయవలెను. వాడిన ట్యూబు సాగి, మొదటి కొలత కంటె నూటికి 25 వంతుల వరకు పెద్దదగును. సాగిన ట్యూబును క్రొత్త టైరులో నిమిడ్చిన అది మడతలు పడును. ఆ మడత దగ్గర రబ్బరు రాచుకొని, పలుచబడి, తెగును. ట్యూబు బాగుగనే యున్నది గదా యని దాచుకొన్న కొద్ది రూపాయలు టైరునే పోగొట్టవచ్చును.

రెండవ నియమము: ట్యూబును ఎక్కించుటకు పూర్వము దాని నంతటిని చేతితో తడిమి చూడవలెను. ముడుతలు, రాపిడి గుర్తులు, పలుచబడిన చోట్లు, వాల్వు మొదట పగుళ్లు ఉన్నవేమో పరిశీలింపవలెను. బ్రేకు వేడికి గురియైన ట్యూబును గుర్తించుట సులభము. దాని లోపలి వలయము గుండ్రదనము కోల్పోయి బల్లపరుపుగా మారును, రబ్బరు గట్టిపడును. అట్టి దానిని మరల వాడరాదు.

మూడవ నియమము: లీకును కనుగొనుటకు ట్యూబు గుండ్రముగా నిలుచునంత గాలి మాత్రమే కొట్టి, నీటిలో ముంచి బుడగలు చూడవలెను. ఇది మన సైకిలు షాపులో చిన్న పిల్లలకు కూడ తెలిసిన పనియే. వాల్వు మూతిమీద కూడ ఒక చుక్క సబ్బునీరు వేసి చూడవలెను. ట్యూబు మంచిదై వాల్వు పిన్ను చెడియుండుట కలదు.

నాలుగవ నియమము: టైరు లోపలి భాగమును శుభ్రపరచి, ట్యూబునకు టాల్కు పొడి పూయవలెను. పొడి లేనిచో ట్యూబు టైరునకు అంటుకొని ఒకచోట సాగి, మరొకచోట ముడుతపడును. ఎక్కించిన పిమ్మట ఒకసారి గాలి నింపి, పూర్తిగా తీసివేసి, మరల నింపెదరు. రెండవసారి నింపునప్పటికి ట్యూబు సర్దుకొని మడతలు విడిపోవును. ట్యూబునకు, టైరునకు నడుమ చిక్కిన గాలి తరువాతి దినములలో మెల్లగా వెలికిపోవును. దానితో ఒత్తిడి కొంత పడును. కావుననే క్రొత్తగా ఎక్కించిన చక్రమును కొన్ని దినములు వరుసగా కొలిచి చూడవలెను.

నిలువ చేయుటలోను పద్ధతి యున్నది. ట్యూబులను మేకులకు వ్రేలాడదీయరాదు. వ్రేలాడిన చోట మడత శాశ్వతమగును. నూనె, గ్రీసు, పెట్రోలు, ఎండ రబ్బరునకు శత్రువులు. పొడి పూసి మందపు కాగితమున చుట్టి, చల్లని చీకటి గదిలో నుంచవలెను.

టైరు మీది గీత

చిన్న విమానపు చక్రమును దగ్గరగా చూచినచో, టైరు ప్రక్కగోడ మీదినుండి రిమ్ము మీదికి సాగిన చిన్న రంగు గీత ఒకటి అగుపడును. అది అలంకారము కాదు. బ్రేకు గట్టిగా పడినపుడు రిమ్ము ఆగినను టైరు కొంచెము జారవచ్చును. టైరుతోపాటు ట్యూబును జారును. కాని ట్యూబు వాల్వు రిమ్ము రంధ్రములో బిగియబడి యున్నది. జారుడు ఎక్కువైన వాల్వు మొదలంట తెగి, గాలి యంతయు క్షణములో పోవును. గీత తిన్నగా ఉన్నంతవరకు టైరు జారలేదని అర్థము. టైరు మీది సగము ఒకవైపునకు, రిమ్ము మీది సగము ఒకవైపునకు తప్పినచో ఆ చక్రమును విప్పి చూడక విమానమును కదల్చరాదు. ఒక కుంచె, రెండు బొట్ల రంగు: ఇంతే దీని ఖర్చు.

కంటి చూపు చాలదు

గాలి సరిపోయినదో లేదో కాలితో తన్ని చూచుట, చూపుతో అంచనా కట్టుట మన ఊళ్లలో అలవాటు. విమాన మెకానికునకు ఆ అలవాటు నిషిద్ధము. ఒకే ఇరుసునకు రెండు చక్రములున్నచోట, ఒక దానిలో గాలి తగ్గినను రెండవది బరువు మోయుచుండుటచే మొదటిది అణగినట్లు కనబడదు. కావున ప్రతిదినము గేజితో కొలువవలెను. విమానము దిగిన వెంటనే కొలిచిన వేడివలన అంకె ఎక్కువగా చూపును. కనీసము రెండు గంటలు చల్లారిన పిమ్మట కొలువవలెను. ఉష్ణము 3 డిగ్రీలు మారిన ఒత్తిడి సుమారు నూటికి ఒక వంతు మారును. మన రెంటచింతల, రామగుండములలో వేసవి మధ్యాహ్నము 45 డిగ్రీలు, తెల్లవారుజామున 30 డిగ్రీలు అనుకొందము. చిన్న సూది గ్రుచ్చుకొనకుండగనే నూటికి 5 వంతుల తేడా వచ్చినదన్నమాట.

పెద్ద విమానములకు పాటింపబడు లెక్క యిది. నింపవలసినది 200 పౌనులనుకొందము. కొలతలో 190కి పైన ఉన్న, తగ్గినంత నింపిన చాలును. 180 మొదలు 190 లోపుగా ఉన్న, నింపి పుస్తకములో వ్రాసి, 24 గంటలలో మరల అట్లే తగ్గిన చక్రమును తీసివేయవలెను. 160 మొదలు 180 లోపుగా ఉన్న, గాలి నింపి సరిపెట్టుట కాదు, చక్రమునే తీసివేయవలెను. 160కి దిగువ పడిన, ఆ చక్రమునే కాక, అదే ఇరుసు మీది జోడు చక్రమును కూడ తీసివేయవలెను.

జోడు చక్రము చేసిన తప్పేమి యని అడుగవచ్చును. కాడి క్రింద రెండెద్దులలో ఒకటి కుంటినచో రెండవదాని మెడ పుండగుట రైతు ఎరుగనిది కాదు. జోడు చక్రము తన భారముతోపాటు ప్రక్కదాని భారమును కూడ మోసినది. పైకి పచ్చగా కనబడినను లోపల అది గాయపడినది. మరునాడు పగులునది అదియే.

రెండు ప్రమాదములు

ఇది కేవలము పుస్తకములోని మాట కాదు. 1991 జూలై 11వ తేదీన సౌదీ అరేబియాలోని జెడ్డా నుండి డి.సి.-8 రకపు విమానమొకటి నైజీరియాలోని సొకోటోకు బయలుదేరినది. అందున్న ప్రయాణికులు హజ్ యాత్ర ముగించుకొని ఇంటికి మరలుచున్న వారు. చక్రములలో రెండింట గాలి తక్కువగా నున్నదని మెకానికులకు ముందే తెలియును. నింపుటకు నత్రజని అందుబాటులో లేదు. ఆలస్యము కారాదని విమానమును సాగనంపిరి. రన్‌వే మీద పరుగెత్తుచుండగా, గాలి తగ్గిన చక్రపు భారము కూడ మోసిన జోడు టైరు మొదట పగిలినది. వెంటనే రెండవదియు పోయినది. తిరుగుట మానిన చక్రము నేలకు రాచుకొని నిప్పంటుకొనెను. ఆ నిప్పు సంగతి తెలియక చక్రములను లోపలికి ముడుచుటతో మంట విమానము కడుపులోనికి చేరినది. పైలట్లు వెనుకకు మరలుటకు ప్రయత్నించిరి గాని, రన్‌వేకు చేరువలోనే విమానము కూలి, అందున్న 261 మందియు మరణించిరి. కొద్ది పౌనుల గాలి, కొద్ది గంటల ఆలస్యము: వీనిని తప్పించుకొనబోయి చెల్లించిన మూల్యమది.

అంతకు పూర్వము 1986 మార్చి 31వ తేదీన మెక్సికో దేశమున బోయింగు 727 విమానమొకటి ఎగిరిన కొలది నిమిషములకే కూలి 167 మంది మరణించిరి. అచట గాలి తగ్గలేదు; గాలి తప్పినది. పట్టుకొని విడువని బ్రేకు వలన చక్రము వేడెక్కినది. ఆ టైరులో నత్రజనికి బదులు మామూలు గాలి నింపబడి యున్నది. మామూలు గాలిలో అయిదింట ఒక వంతు ప్రాణవాయువు. వేడికి టైరు లోపలి రబ్బరునుండి వెలువడిన ఆవిరులకు ఆ ప్రాణవాయువు తోడై, టైరు ఆకాశములోనే ప్రేలి ఇంధనపు గొట్టములను తెంచివేసినది. పిమ్మట 1987లో అమెరికా విమానయాన శాఖ, పెద్ద విమానముల బ్రేకు చక్రములలో నత్రజని వంటి మండని వాయువునే నింపవలెనని నిర్దేశించెను. నేటి నియమము ప్రకారము ఆ చక్రములలో ప్రాణవాయువు నూటికి 5 వంతులకు మించరాదు.

ఈ రెండు ప్రమాదములలోను యంత్రము మనిషిని మోసగింపలేదు. ఒకచోట కొలత చెప్పిన మాటను మనిషి త్రోసిపుచ్చినాడు. మరొకచోట నింపదగిన దానిని విడిచి, దొరికినదానిని నింపినాడు.

గాలి కొట్టువారి క్షేమము

నింపిన టైరు ఒక బాంబు వంటిది. విమానశాలలో చక్రమును ఇనుప పంజరములో నుంచి, పొడవైన గొట్టముతో దూరమునుండి గాలి నింపెదరు. చక్రము ముందు నిలువరు. రెండు సగములుగా చేసి బోల్టులతో బిగించిన రిమ్మును, గాలి పూర్తిగా తీయకుండ విప్పుట మరణమును పిలుచుటయే. గాలి తీయుటకు పూర్వము వాల్వు పిన్నును విప్పిన అది తుపాకి గుండువలె వెలికి దూసుకొనివచ్చును.

మన ఊరి ప్రక్క రోడ్డుమీది పంక్చరు షాపులలో ఈ పంజరము లేదు. లారీ, ట్రాలీ చక్రములలో కొన్నింటికి రిమ్ము అంచున విడిగా బిగించు ఇనుప రింగు ఉండును. సరిగా కూర్చొనని రింగు గాలి నింపునపుడు ఎగిరివచ్చిన తలకాయ నిలువదు. ఆ పనిలో తరచుగా నున్నవారు పదునెనిమిదేండ్లు నిండని మన పిల్లలే. పంచాయతీ తన ట్రాలీ చక్రమును పంపు షాపులో ఈ జాగ్రత్త ఉన్నదో లేదో విచారించుట పంచాయతీకి తగిన పని. పంజరము లేనిచో, చక్రమునకు గట్టి గొలుసు చుట్టి, పొడవైన గొట్టముతో, ప్రక్కకు దూరముగా నిలిచి నింపుమని పట్టుబట్టవచ్చును. పసివాని చేత ఆ పని చేయింపరాదని చెప్పవచ్చును.

పంచాయతీ చేయదగినది

ఇందుకు పెద్ద నిధులు అక్కరలేదు. ఒక మంచి ప్రెషరు గేజి, ఒక నోటు పుస్తకము, ఒక డబ్బా రంగు కొనిన చాలును. ట్రాక్టరుతో వచ్చిన పుస్తకమున ముందు చక్రములకు ఎంత, వెనుక చక్రములకు ఎంత, పొలములో ఎంత, రోడ్డుమీద ఎంత యని అంకెలు వ్రాసియుండును. వానిని పెద్ద అక్షరములతో ట్రాక్టరు నిలుపు షెడ్డు గోడమీద వ్రాయింపుడు. ట్రాలీకి, ట్యాంకరుకు విడిగా వ్రాయింపుడు. విమానపు అంకెలు విమానమునకే. మన అంకెలు మన పుస్తకములోనివి.

వారమునకు ఒకసారి, ఉదయము బండి కదలక పూర్వము డ్రైవరు కొలిచి పుస్తకములో వ్రాయవలెను. పంచాయతీ కార్యదర్శి నెలకొకసారి ఆ పుస్తకము చూచి సంతకము చేయవలెను. ఒకే చక్రము మాటిమాటికి తగ్గుచున్న సంగతి పుస్తకములో తేటపడును. మనిషి జ్ఞాపకములో తేటపడదు. టైరు మీదినుండి రిమ్ము మీదికి రంగు గీత గీయింపుడు. నీటి ట్యాంకరు విషయమున మరింత జాగ్రత్త అవసరము. వేయి లీటర్ల నీరు ఒక టన్ను బరువు. నిండు ట్యాంకరు చక్రము మలుపులో పగిలిన, అది బోల్తా పడునది బడి ముందరనో, బావి దగ్గరనో ఎవరు చెప్పగలరు?

రాజస్థానములో ఒంటె బండ్లకు విమానములనుండి తీసివేసిన పాత టైర్లను బిగించుట వాడుకలో నున్నది. మెల్లగా సాగు బండికి అవి సరిపోవచ్చును. కాని విమానమునకు పనికిరాదని తీసివేసిన దానిలో కూడ ఎంత బలము మిగిలియున్నదో గమనింపుడు. వారు టైరు పగిలిన పిమ్మట కాదు, పగులక పూర్వమే తీసివేసినారు. ఆ అలవాటే మనము అరువు తెచ్చుకొనదగినది.

అన్నిటికంటె ముఖ్యమైనది ఒకటి. గాలి తక్కువగా నున్నదని డ్రైవరు చెప్పిన ఉదయమున, నీళ్లకై జనము ఎదురుచూచుచుందురు. పై అధికారి తనిఖీకి వచ్చుచుండవచ్చును. సర్పంచికి తొందర యుండవచ్చును. ఆ ఉదయమున "ఈ ఒక్కసారికి పోనిమ్ము" అను మాట ఎవరి నోటనుండియు రాకూడదు. గాలి నింపువరకు బండి కదలదని చెప్పు అధికారము డ్రైవరుకు ఉండవలెను. ఆ మాట చెప్పినందుకు అతనిని ఎవరును మందలింపరాదు. ఈ మేరకు గ్రామ పంచాయతీ ఒక తీర్మానము చేసి, కార్యవాహి పుస్తకమున వ్రాసియుంచుట మంచిది. జెడ్డాలో ఆ ఉదయమున లోపించినది అట్టి ఒక్క మాటయే.

నీళ్ల ట్యాంకరు అరగంట ఆలస్యముగా వచ్చిన ఊరు ఓర్చుకొనును. రానున్న పంచాయతీ సమావేశమున ఒక సభ్యుడైనను లేచి, మన ట్రాక్టరు చక్రములలో గాలి ఎంత యని అడిగిన, మేమీ వ్యాసము వ్రాసిన ప్రయోజనము నెరవేరినట్లే.